టీవీ వాతావరణ సూచన: బొమ్మ బాగా మారింది, మరి చెప్పే విషయం?

మీరు అడిగింది ఇదీ: ఒకప్పుడు టీవీలో వాతావరణం అంటే ఒక పటం, దాని మీద నాలుగు గీతలు, రెండు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు యాంకర్ చుట్టూ వరద లేస్తోంది, మబ్బులు స్టూడియోలోకి వచ్చేస్తున్నాయి. దీనివల్ల చూసేవాళ్లకు నిజంగా ఎక్కువ తెలుస్తోందా, లేక అంతా తళుకేనా? సూచన తప్పినప్పుడు మాత్రం వెనకటికంటే ఎక్కువ కోపం ఎందుకొస్తోంది?

నేను చాలా ఏళ్లు వెదర్ గ్రాఫిక్స్ డెస్క్ మీద పనిచేశాను కాబట్టి తెర వెనక వైపు నుంచి చెప్తాను. సూచన నిజంగానే మెరుగైంది. సుమారుగా పదేళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతోందని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క, అంటే పదేళ్ల కిందట నాలుగో రోజు గురించి ఎంత నమ్మకంగా చెప్పగలిగేవాళ్లో ఇవాళ ఐదో రోజు గురించి అంత నమ్మకంగా చెప్పగలుగుతున్నారు. అయితే ఈ కాలంలో బొమ్మ అంతకు ఎన్నో రెట్లు మెరుగైపోయింది. బొమ్మ చూస్తే కెమెరాతో తీసినట్టు ఉంటుంది, లెక్క చూస్తే ఇంకా అంచనాయే. మీ కోపం ఆ రెండింటి మధ్య సందులోంచి వస్తోందని నా అభిప్రాయం.

కాస్త వెనక్కి వెళ్తాను, ఎందుకంటే "పాత రోజుల్లో సీరియస్‌గా చెప్పేవాళ్లు, ఇప్పుడే షో అయిపోయింది" అనే మాట పూర్తిగా నిజం కాదు. బీబీసీ 1936లోనే టీవీలో వాతావరణ పటం చూపించింది. 1949 నుంచి పటం తెర మీద కనిపిస్తుంటే మనిషి కనపడకుండా గొంతు మాత్రం వినిపించేది. మనిషి కెమెరా ముందుకొచ్చింది 1954 జనవరి 11న, జార్జ్ కౌలింగ్ అనే ఆయన. వృత్తిరీత్యా ఫోర్‌కాస్టరే, నటుడు కాదు. ఐదు నిమిషాలు పటం ముందు నిలబడి ఆయన చెప్పిన వాటిలో జనానికి గుర్తుండిపోయింది ఏమిటంటే, రేపు గాలి బాగా ఉంటుంది, ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి మంచి రోజు అన్నది. మొదటి రోజే! గాలి వేగం ఎంత చెప్పారన్నది ఎవరికీ గుర్తులేదు, బట్టల సంగతి గుర్తుంది. ఇవాళ చాలా వాతావరణ శాఖలు 'ప్రభావం చెప్పండి, అంకెలు కాదు' అని శిక్షణ ఇస్తున్నది సరిగ్గా దీని గురించే.

అమెరికాలో అంతకంటే ముందే, 1941లో, న్యూయార్క్ టీవీలో వాతావరణం చెప్పింది ఒక కార్టూన్ గొర్రెపిల్ల. మెడకు కట్టుకునే టైలు అమ్మే ఉన్ని కంపెనీ స్పాన్సర్ చేసింది. ఆ తర్వాత యాభైల్లో అక్కడి ఛానెళ్లలో బొమ్మలాటలు, జోకులు, 'వెదర్ గర్ల్స్' అని అందం చూసి పెట్టుకున్న అమ్మాయిలు, అన్నీ నడిచాయి. ఈ తంతు చూసి విసిగిన అమెరికన్ మెటియరలాజికల్ సొసైటీ ఆ దశాబ్దం చివర్లో టీవీలో వాతావరణం చెప్పేవాళ్లకు ఆమోద ముద్ర ఇచ్చే పద్ధతి పెట్టింది. అంటే ఇది సైన్సా షోనా అనే తగాదా గ్రాఫిక్స్‌తో మొదలవలేదు, పుట్టుకతోనే ఉంది.

పటం సంగతికొస్తే, పాత పటాల మీద ఉండే గీతలు సమభార రేఖలు, అంటే గాలి ఒత్తిడి ఒకేలా ఉన్న చోట్లను కలిపే గీతలు. అవి దగ్గర దగ్గరగా ఉంటే గాలి గట్టిగా వీస్తుందని, దూరంగా ఉంటే ప్రశాంతంగా ఉంటుందని చదవడం తెలిసినవాళ్లకు ఆ ఒక్క బొమ్మలో రెండు మూడు రోజుల కథ కనపడేది. నావికులకు, విమానాల వాళ్లకు, పట్టుదలగా నేర్చుకున్న కొందరు రైతులకు అది బంగారం. మిగతా జనానికి అది ముగ్గు. అందుకని గీతల మీదికి గుర్తులొచ్చాయి. బీబీసీలో 1967 నుంచి అయస్కాంతపు గుర్తులు వాడారు, వానకు చుక్కలు, మంచుకు నక్షత్రాలు. బోర్డు మీద అంటిస్తే ప్రసారం మధ్యలో జారి కింద పడేవి, అది వేరే వినోదం. 1975లో మార్క్ అలెన్ అనే ఆర్ట్ విద్యార్థి గీసిన గుర్తులు వచ్చాయి: మబ్బు, మబ్బు కింద చినుకులు, మబ్బు వెనక నుంచి తొంగిచూసే సూర్యుడు. ముప్పై ఏళ్లు నడిచాయి. మీ ఫోన్‌లో ఉన్న వాతావరణ యాప్ తెరిచి చూడండి, ఆ వంశమే.

గుర్తుతో వచ్చిన ఇబ్బంది ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రోజు మొత్తానికి ఒకే గుర్తు పెట్టాలంటే ఏది పెట్టాలి? తెల్లవారుజామున నాలుగింటికి పావుగంట జల్లు పడి మిగతా రోజంతా ఎండ కాస్తుందనుకోండి. ఎక్కువ సేపు ఉండేదాన్ని చూపిస్తే సూర్యుడు పెట్టాలి, రోజులో ఉన్నవాటిలో చెడ్డదాన్ని చూపిస్తే వాన మబ్బు పెట్టాలి. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో నియమం పాటిస్తుంది, ఆ నియమం ఏమిటో తెర మీద ఎక్కడా రాయరు. చాలామంది చెడ్డదాని వైపే మొగ్గుతారు, ఎందుకంటే వాన అని చెప్పి ఎండ కాస్తే జనం నవ్వుకుని వదిలేస్తారు, ఎండ అని చెప్పి తడిపిస్తే వదలరు. కొన్ని కమర్షియల్ ఛానెళ్లలో ఈ మొగ్గు లెక్కల్లోనే తేలింది, వాళ్లు వాన అన్నన్నిసార్లు వాన పడదు. కాబట్టి రెండు ఛానెళ్లలో ఒకే ఊరికి రెండు గుర్తులు కనిపిస్తే ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు, ఇద్దరి చేతిలోనూ ఒకే లెక్క ఉండి ఉండొచ్చు.

ఎనభైల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్, వాటితోపాటు క్రోమా (ఒకే రంగు గోడ స్థానంలో వేరే బొమ్మ అతికించే పద్ధతి) వచ్చాయి. మీరు చూసే పటం యాంకర్ వెనక ఉండదు, అక్కడ ఉండేది ఉత్త పచ్చ గోడో గ్రీన్ మ్యాటో. మొదట్లో నీలం ఎక్కువ వాడేవాళ్లు. డిజిటల్ కెమెరా సెన్సర్లు పచ్చ రంగునే ఎక్కువ వివరంగా పట్టుకుంటాయి కాబట్టి పచ్చ స్థిరపడింది. యాంకర్‌కు అటూ ఇటూ ఒక్కో మానిటర్, కెమెరా దగ్గర ఇంకొకటి. తన చేయి ఏ ఊరి మీద ఉందో ఆ మానిటర్‌లో తనను తాను చూసుకుంటూ సరిచేసుకోవాలి, చూపు మాత్రం మీ వైపే ఉన్నట్టు కనిపించాలి. చేతిలో చిన్న క్లికర్, నొక్కితే తర్వాతి బొమ్మ వస్తుంది. చాలాచోట్ల ప్రాంప్టర్ ఉండదు, అంతా అప్పటికప్పుడు మాట్లాడేదే. చెవిలో పీసీఆర్ (ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్) నుంచి ఇంకెంత టైమ్ ఉందో కౌంట్ నడుస్తుంటుంది. పైగా బులెటిన్‌లో వాతావరణం చివర్లో వస్తుంది కాబట్టి ముందు వార్తలు సాగితే కోత పడేది ఇక్కడే. మూడు నిమిషాలని సిద్ధమైన మనిషికి చెవిలో "తొంభై సెకన్లే" అని వినిపిస్తుంది, నవ్వు చెదరకుండా సగం విషయం మింగేయాలి. ఏం మింగుతారు? "కానీ", "ఒకవేళ", "బహుశా" అన్న మాటలే ముందు పోతాయి. రేపు మధ్యాహ్నం వర్షం పడుతుంది, అంతే. సూచనలోని అనిశ్చితి చాలాసార్లు చచ్చిపోయేది శాస్త్రవేత్త దగ్గర కాదు, టైమ్ చూసే ఆ కౌంట్‌లో.

ఇప్పుడు పెద్ద ఎల్ఈడీ గోడలు, టచ్ స్క్రీన్లు వచ్చాక యాంకర్ కనీసం తను చూపిస్తున్న పటాన్ని తన కళ్లతో చూడగలుగుతున్నారు. అది మంచి మార్పే.

అసలు విషయం యానిమేషన్. నా దృష్టిలో చూసేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ తప్పుదోవ పట్టించింది ఇదే, ఎవరూ కావాలని చేయకపోయినా. మొదట ఉపగ్రహ చిత్రాలను ఒకదాని తర్వాత ఒకటి కదిలించి చూపేవాళ్లు, రాడార్ బొమ్మలూ అలాగే. అది జరిగిపోయిన దాని రికార్డు, దానితో పేచీ లేదు. తర్వాత దానికి కొనసాగింపుగా రేపటి మబ్బుల్ని కూడా అదే రంగుల్లో, అదే నునుపుతో కదిలించడం మొదలైంది. లూప్‌లో ఒక క్షణం వరకు రాడార్ నిజంగా చూసిన వాన, ఆ క్షణం దాటాక కంప్యూటర్ మోడల్, అంటే రేపటి వాతావరణాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్, ఊహించిన వాన. రెండింటికీ తెర మీద తేడా ఏమిటంటే మూలన చిన్న గడియారం, అది కూడా అందరూ పెట్టరు.

పైగా మోడల్ చాలాసార్లు గంటకో మూడు గంటలకో ఒక బొమ్మ ఇస్తుంది. మధ్యలో ఖాళీని గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ నింపుతుంది. పది గంటల బొమ్మలో ఇక్కడ ఒక జల్లు, పదకొండు గంటల బొమ్మలో ముప్పై కిలోమీటర్ల అవతల ఒక జల్లు ఉంటే, మొదటిది జారుకుంటూ రెండోచోటికి వెళ్లినట్టు చూపిస్తుంది. పెద్ద వర్షపు పట్టీలు నిజంగానే అలా కదులుతాయి, వాటికి ఫర్వాలేదు. కానీ ఎండాకాలం సాయంత్రాల్లో లేచే ఉరుముల మబ్బులు అలా నడిచి రావు, అక్కడే పుట్టి గంటలో అక్కడే పోతాయి, దాని పక్కన ఇంకొకటి పుడుతుంది. తెర మీద చూస్తే మీ ఊరి మీదుగా ఐదున్నరకు వాన వెళ్తున్నట్టు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఐదున్నర మోడల్ చెప్పింది కాదు, బొమ్మ నునుపుగా ఉండాలని మధ్యలో పుట్టించింది. మోడల్ చెప్పినదల్లా ఆ జిల్లాలో సాయంత్రం అక్కడక్కడా ఉరుముల జల్లులు పడొచ్చు అని. పాత అయస్కాంతపు మబ్బు ఈ విషయంలో నిజాయితీ గలది, అది సగం జిల్లాను కప్పేసేది, కచ్చితంగా మీ వీధి గురించే చెబుతోందని ఎవరికీ భ్రమ కలిగేది కాదు.

త్రీడీ పటాలతో ఇంకో తమాషా. 2005లో బీబీసీ పటాన్ని వాల్చి, దక్షిణం వైపు నుంచి ఎగురుతూ చూస్తున్నట్టు పెట్టింది. దాంతో దగ్గరున్న దక్షిణ ఇంగ్లండ్ పెద్దగా, దూరంగా ఉన్న స్కాట్లండ్ నలిగిపోయినట్టు కనపడి స్కాటిష్ ప్రేక్షకులు గొడవ చేశారు. కోణం సరిచేయాల్సి వచ్చింది. నేల మట్టి రంగులో ఉందని వేరే ఫిర్యాదు.

ఇక నమ్మకంగా ఒక్క వాక్యం చెప్పడం ఎంత ప్రమాదమో చెప్పాలంటే 1987 అక్టోబర్ 15. బీబీసీలో వాతావరణం చెప్పే మైఖేల్ ఫిష్, హరికేన్ (ఉష్ణమండల సముద్రంలో పుట్టే భారీ తుపాను) వస్తోందని ఒకావిడ ఫోన్ చేశారట, కంగారు పడకండి, అలాంటిదేమీ లేదు అన్న అర్థంలో నవ్వుతూ మాట్లాడారు. ఆ రాత్రే దక్షిణ ఇంగ్లండ్‌ను పెనుగాలి ఊడ్చేసింది. బ్రిటన్‌లో 18 మంది పోయారు, కోటిన్నర చెట్లు కూలాయి. తను అన్నది అట్లాంటిక్ అవతలి వేరే తుపాను గురించని ఆయన తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నా లాభం లేకపోయింది. శాస్త్రపరంగా అది హరికేన్ కాదన్నదీ నిజమే, కానీ పైకప్పు ఎగిరిపోయినవాడికి ఆ తేడా ఎందుకు?

ఆ తర్వాత ఐదేళ్లకు, 1992లో, యూరప్‌లోనూ అమెరికాలోనూ ఎన్‌సెంబుల్ పద్ధతి రోజువారీ వాడకంలోకి వచ్చింది. ఒకే లెక్కను ఒకసారి కాకుండా, మొదలుపెట్టే అంకెల్ని కాస్త కాస్త మారుస్తూ చాలాసార్లు చేయడం. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ సూచన కేంద్రంలో ఇప్పుడు 51 సార్లు చేస్తారు. అన్నీ ఒకే మాట చెబితే ధైర్యంగా చెప్పొచ్చు, చెల్లాచెదురైతే జాగ్రత్తగా చెప్పాలి. 1987 తుపానును తర్వాత ఈ పద్ధతిలో మళ్లీ లెక్కగడితే ఫలితాలు విపరీతంగా చెదిరిపోయాయి, కొన్నిట్లో భయంకరమైన గాలి, కొన్నిట్లో దాదాపు ఏమీ లేదు. అంటే ఆ రాత్రి గురించి నిజాయితీగా చెప్పగలిగింది "ఏమో, కానీ పెద్దదే రావొచ్చు" అని. ఆ మాటను టీవీలో ఎలా చెప్పాలన్నదే అప్పటినుంచి ఈ రంగానికి పట్టుకున్న టెన్షన్.

శాతాల్లో చెప్పడం ఒక దారి. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ అరవైల మధ్య నుంచే వాన అవకాశాన్ని శాతాల్లో ఇస్తోంది. 30 శాతం అంటే ఆ ప్రాంతంలో మీరు నిలబడ్డ చోట, చెప్పిన సమయంలో, కొలవగలిగినంత వాన పడే అవకాశం పదింట్లో మూడు అని. 2005లో గిగెరెంజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆమ్‌స్టర్‌డాం, ఏథెన్స్, బెర్లిన్, మిలాన్, న్యూయార్క్ జనాన్ని దీని అర్థం అడిగితే, న్యూయార్క్‌లో తప్ప ఎక్కడా ఎక్కువమంది సరిగ్గా చెప్పలేదు. 30 శాతం సమయం పడుతుందని కొందరు, 30 శాతం నేల మీద పడుతుందని కొందరు. ఇక్కడ జనాన్ని తప్పు పట్టను, "దేంట్లో 30 శాతం" అన్నది తెర మీద ఎవరూ చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

తుపాన్లకు శంకువు బొమ్మ ఇంకో దారి. ముందుకెళ్లే కొద్దీ వెడల్పయ్యే ఆ తెల్లటి ఆకారం మీరు చూసే ఉంటారు. అమెరికా హరికేన్ కేంద్రం దాన్ని గత ఐదేళ్ల సూచనల్లో ఎంత తప్పు వచ్చిందో చూసి గీస్తుంది, మూడింట రెండొంతుల సార్లు తుపాను కేంద్రం ఆ శంకువు లోపల ఉంటుంది. అంటే మూడోవంతు సార్లు బయట ఉంటుంది! పైగా అది కేంద్రం నడిచే దారి గురించి మాత్రమే, గాలీ వానా ఉప్పెనా శంకువు దాటి ఎంతో దూరం వెళ్తాయి. జనం మాత్రం శంకువు పెద్దదైతే తుపాను పెద్దదవుతోందని చదువుతారు, గీత అవతల ఇల్లుంటే ఊపిరి పీల్చుకుంటారు. 2004 ఆగస్టులో చార్లీ హరికేన్ వచ్చినప్పుడు శంకువు మధ్యలో గీసిన నల్ల గీత ఫ్లోరిడాలోని టాంపా నగరం వైపు చూపించింది, అందరి కళ్లూ టాంపా మీదే. తుపాను చివర్లో కుడికి తిరిగి దక్షిణాన షార్లెట్ హార్బర్ దగ్గర తీరం దాటింది. ఆ చోటు శంకువు లోపలే ఉంది, హెచ్చరిక కూడా ఉంది. గీత లేకుండా చూపిస్తే మేలని అప్పటినుంచి వాదన. 2024లో ఆ కేంద్రం శంకువుతోపాటు తీరానికి దూరంగా లోపలున్న ప్రాంతాల హెచ్చరికల రంగులు కూడా ఒకే బొమ్మలో చూపించడం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది, ఆలస్యమైనా సరైన పని.

ఇక మీకు నచ్చని వరద గ్రాఫిక్. అది బాగా పేరొచ్చింది 2018 సెప్టెంబర్‌లో, ఫ్లోరెన్స్ హరికేన్ అప్పుడు. అమెరికాలోని వెదర్ ఛానెల్‌లో యాంకర్ ఎరికా నవారో నిలబడి మాట్లాడుతుంటే చుట్టూ నీళ్లు మూడడుగులు, ఆరడుగులు, తొమ్మిదడుగులు లేచాయి, కార్లు తేలాయి. వీడియో గేములు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్‌తో చేశారు. తళుకే, ఒప్పుకుంటాను. కానీ నేను దీన్ని సమర్థిస్తాను, ఎందుకంటే అది "ఫలానా చోట ఫలానా గంటకు ఇంత నీళ్లొస్తాయి" అని దొంగ కచ్చితత్వం చూపించలేదు, తొమ్మిదడుగుల ఉప్పెన అంటే మనిషికి ఏమవుతుందో చూపించింది. అంకె విని ఇంట్లో కూర్చునే మనిషిని కదిలించేది అలాంటి బొమ్మే. అదే హంగును మామూలు జల్లుకు కూడా వాడేసి, ప్రతి అల్పపీడనానికీ సైరన్ మోగించే ఛానెళ్లుంటాయి చూడండి, వాటి మీద మీకున్న చిరాకే నాకూ ఉంది.

హెచ్చరికల రంగుల్లోనూ ఇదే మార్పు నడిచింది. బ్రిటన్‌లో 2011 నుంచి పసుపు, ఆంబర్ (నారింజ ఛాయ), ఎరుపు అంటే ఎన్ని మిల్లీమీటర్లన్నది కాదు, ఎంత నష్టం జరగొచ్చు, అది జరిగే అవకాశం ఎంత, ఈ రెండూ కలిపి చూసి ఇచ్చే రంగు. కాబట్టి ఒకే పసుపుకు రెండు అర్థాలు: దాదాపు ఖాయంగా వచ్చే చిన్న ఇబ్బంది, లేదా వచ్చే అవకాశం తక్కువైనా వస్తే పెద్ద నష్టం. రంగు ఒక్కటే చూసి వదిలేయకుండా కింద రాసిన రెండు వాక్యాలూ చదవమనేది అందుకే. 2015 నుంచి బ్రిటన్, ఐర్లండ్ తుపాన్లకు పేర్లు పెట్టడం కూడా ఈ దారిలోదే, పేరున్న గాలిని జనం ఎక్కువ పట్టించుకుంటారని.

రంగుల మాట వచ్చింది కాబట్టి, "ఒకప్పుడు 30 డిగ్రీలకు పటం పచ్చగా ఉండేది, ఇప్పుడు భయపెట్టడానికి ఎర్రగా చేశారు" అని తిరిగే జంట ఫొటోల గురించి కూడా చెప్పేస్తాను. ఆ పాత పటంలో పచ్చ అంటే నేల రంగు, మీద అంకెలు రాసేవాళ్లు. కొత్త పటంలో రంగే ఉష్ణోగ్రత. రెండు వేరు వేరు రకాల పటాల్ని పక్కపక్కన పెట్టి చేసే మోసం అది. రంగుల స్కేల్ నిజంగా మార్చాల్సి వచ్చిన సందర్భం ఒకటి ఉంది, 2013 జనవరిలో ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ తన స్కేల్‌ను 50 డిగ్రీల నుంచి 54 వరకు పొడిగించి ఊదా, గులాబీ రంగులు చేర్చింది. మోడల్ ఇచ్చే అంకెలు పాత స్కేల్ పైఅంచు దాకా వచ్చేశాయి, అందుకని.

చూసేటప్పుడు నేనేం చేస్తానో చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి. కదిలే బొమ్మలో మూలనున్న గడియారం చూస్తాను, ఇప్పటి సమయం దాటాక కనిపించే ప్రతి చినుకూ అంచనాయే అనుకుంటాను. ఉరుముల జల్లుల రోజైతే బొమ్మను అసలు పట్టించుకోను, యాంకర్ "అక్కడక్కడా" అన్నారా "చాలాచోట్ల" అన్నారా అన్నదే వింటాను, వాతావరణ శాఖల భాషలో ఆ రెండింటికీ లెక్క ఉంది. ఐదు రోజుల తర్వాతి గుర్తుల్ని చూసి ప్లాన్లు మార్చుకోను. రెండు వారాల తర్వాత ఫలానా రోజు మధ్యాహ్నం వాన అని చూపించే ఛానెల్ కనిపిస్తే, వేసవి వేడి ఎక్కువా తక్కువా లాంటి మొత్తం ధోరణి గురించైతే వింటాను కానీ ఆ రోజు, ఆ గంట అంటే మాత్రం ఛానెల్ మార్చేస్తాను.